పది లెక్కపెట్టేదాకా

మా ఆయన ప్రశ్న అడిగితే జవాబు చెప్పే శ్రమ మనకి ఉండదు. "టీ ఉందా? అయిపోయుంటుందిలే" అంటూ నిండు ఫ్లాస్కు పక్కనుంచే వెళ్లిపోతారు. "నా కళ్లజోడు చూశావా? నువ్వెక్కడ చూస్తావులే" అని ఇల్లంతా వెతుకుతారు, అది నా చేతిలోనే ఉంటుంది. పెళ్లికి ముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, "నేను నచ్చానా? నచ్చే ఉంటాను" అని ఆ విషయం కూడా ఆయనే తేల్చేశారు. నిజంగానే నచ్చారు కాబట్టి సరిపోయింది.

జలుబు చేసినవాళ్లు తుమ్మినట్టు ప్రశ్నలడుగుతారాయన. తుమ్ముకి ఎవరైనా జవాబు చెప్తారా? నేనూ మా అత్తయ్యా ఎప్పుడో మానేశాం.

ఇది మా ఇంటి గోలే అయితే కాగితం మీద పెట్టేదాన్ని కాదు. కానీ ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో అధ్యాపకులు. రెండో సంవత్సరం పిల్లలకి ద్రవాల పాఠం చెప్తారు. నీళ్లు, నూనె, గాలి, పారేది ఏదైనా ఆయన సొత్తే. అందుకని కాలేజీలో ఆయనకి నీళ్ల మేష్టారని పేరు. పంతొమ్మిదేళ్లుగా అదే పాఠం, అదే గది, బోర్డు మీద అచ్చు వేసినట్టుండే అదే దస్తూరీ.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో ప్రిన్సిపాల్ గారు ఆయన్ని పిలిచారు. మూడేళ్లుగా ఈ సబ్జెక్టులో సగంమంది తప్పుతున్నారు, వేరే విశ్వవిద్యాలయంవాళ్లు తయారుచేసిన వీడియో పాఠాలు బాగున్నాయట, వచ్చే ఏడు నుంచి పిల్లలకి అవే చూపిద్దామనుకుంటున్నాం అన్నారు. మా ఆయనకి పరీక్షల విభాగంలో చోటు. అక్కడ కుర్చీకి మెత్త కూడా ఉంటుందని ప్రిన్సిపాల్ గారు ఓదార్పుగా చెప్పారట.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కూర్చున్నారు. అప్పుడు నాకు భయం వేసింది. మనిషికి పాఠం చెప్పడం తప్ప ఇంకే సరదా లేదు. సినిమాకి తీసుకెళ్తే అందులో వాన ఎటునుంచి పడుతోందో చూస్తారు. అలాంటి మనిషిని మెత్త కుర్చీలో కూర్చోబెట్టడమంటే చేపని పట్టుపరుపు మీద పడుకోబెట్టడమే.

ప్రిన్సిపాల్ గారు ఒక దారి మాత్రం వదిలారు. పాఠం చెప్పే తీరుని తామే పరిశోధించి బాగుచేసుకోదలచిన అధ్యాపకులకి విశ్వవిద్యాలయం ఏటా గ్రాంటు ఇస్తుంది. దానికి పెట్టుకోండి, టర్ము ఆఖర్లో నేనొచ్చి మీ క్లాసులో కూర్చుంటాను, అప్పుడు తేల్చుకుందాం అన్నారు.

మా ఆయన దరఖాస్తు నింపారు. "మీ బోధనలో మీరు గమనించిన లోపం" అన్న చోట "విద్యార్థులకి ఏకాగ్రత లేకపోవడం" అని రాశారు. కారణం: ఫోన్లు. పరిష్కారం: అరవై జేబులున్న గుడ్డ ఒకటి కుట్టించి, గోడకి తగిలించి, క్లాసు మొదలయ్యే ముందే ఫోన్లన్నీ అందులో పెట్టించడం. మీ బోధన అని కదా అడిగారు అన్నాను. పిల్లలు నా బోధనలో భాగం కారా, అవుతారు కదా అన్నారు.

అందులో ఇంకో నిబంధన ఉంది. ఈ సబ్జెక్టు బొత్తిగా తెలియని మనిషి ఒకరు వారానికి రెండుసార్లు క్లాసులో కూర్చుని గమనించాలి. ఆయన నా పేరు రాశారు. డిగ్రీలో నాది చరిత్ర. నీళ్లతో నా పరిచయం కుళాయి దాకానే. ఆ లెక్కన నాకంటే అర్హులు దొరకరు. సంతకం పెట్టు చాలు, వాళ్లు నిజంగా పిలవరు అన్నారు.

నాలుగో రోజున పిలిచారు. గ్రాంట్ల వ్యవహారం చూసే మేడమ్ కాలేజీ పైఅంతస్తులో మూలగదిలో ఉంటుంది. చెవి మీద పెన్సిలు, మాట్లాడితే మెత్తటి గొంతు. నా చేతికి ఒక స్టాప్‌వాచీ, గళ్లు గీసిన కాగితాల కట్ట ఇచ్చింది. పాఠం అర్థం చేసుకోవడం మీ పని కాదు, మేష్టారు అడిగే ప్రతి ప్రశ్నకీ ఒక గీత గీయండి, అడిగాక ఎన్ని సెకన్లు ఆగారో రాయండి, జవాబు ఎవరు చెప్పారో రాయండి, అంతే అంది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఊరికే చేస్తున్న పనికి ఇప్పుడు కాగితం, గడియారం ఇస్తున్నారన్నమాట.

మొదటిరోజు వెనక బెంచీలో కూర్చున్నాను. పిల్లలు నన్ను చూసి ఎవరో తనిఖీకి వచ్చారనుకుని నిటారుగా కూర్చున్నారు. రెండోరోజుకి నేనెవరో తెలిసి జాలిపడ్డారు. మూడోరోజు నుంచి "ఆంటీ, మొన్నటి నోట్సు ఇస్తారా" అనడం మొదలుపెట్టారు. నా పక్కన ఒకమ్మాయి కూర్చునేది. నోరు విప్పగా ఎవరూ చూడలేదు. దాన్ని అందరూ మౌనవ్రతం అనేవాళ్లు. ముందు వరసలో ఎండ ఉన్నా లేకపోయినా టోపీ తియ్యని కుర్రాడొకడు, వాడి పేరు టోపీయే.

అరవై జేబుల గుడ్డలోకి ఫోన్లు బుద్ధిగా వెళ్లాయి. అందులో సగం పాడైపోయిన పాత ఫోన్లని, పనిచేసేవి ఒళ్లోనే ఉన్నాయని వెనక బెంచీ నుంచి బాగా కనబడింది. అది నా కాగితంలో గడి కాదు కాబట్టి రాయలేదు.

ఆ మొదటిరోజు పాఠం మొదలైంది. చెప్పొద్దూ, బాగా చెప్పారు. చేతులు ప్రవాహంలా కదులుతున్నాయి, గొంతు ఎక్కడా తొట్రుపడదు. "ఇక్కడ వేగం ఎందుకు పెరిగింది? దారి ఇరుకైంది కాబట్టి. మరి ఒత్తిడి ఏమైంది? తగ్గింది. ఎందుకు తగ్గింది? శక్తి ఎక్కడినుంచి వస్తుంది మరి!" గీతలు గీసీ గీసీ నా చెయ్యి నొప్పెట్టింది. యాభై నిమిషాల్లో నలభై మూడు ప్రశ్నలు. పిల్లలు చెప్పిన జవాబులు సున్నా. అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది రెండు సెకన్లు, అది కూడా సుద్దముక్క విరిగి బల్ల కిందికి దొర్లిపోయింది కాబట్టి.

చివర్లో చేతులు దులుపుకుంటూ "అర్థమైందా?" అన్నారు. అరవై తలలు గంగిరెద్దుల్లా ఊగాయి. ఆయన మొహం చూడాలి అప్పుడు, పంట చేతికొచ్చిన రైతులా ఉంది.

ఆ రాత్రి భోజనాలప్పుడు కాగితం ఆయన కంచం పక్కన పెట్టాను. చదివారు. స్టాప్‌వాచీ అడిగి తీసుకుని, దాన్ని గోడ గడియారం పక్కన పట్టుకుని ఐదు నిమిషాలు సరిచూశారు. వాచీలో తప్పు దొరకలేదు. నేను పక్షపాతినన్నారు. ఎవరి పక్షమో చెప్పమన్నాను. మా అత్తయ్య కొడుకు వైపు గిన్నె జరిపి, "మావాడు చెప్తే రాళ్లకి కూడా అర్థమవుతుందే అమ్మాయ్" అంది. అదే వచ్చిన చిక్కు, ఆ క్లాసులో ఉన్నది పిల్లలు అత్తయ్యా అన్నాను.

"జవాబు తెలిస్తే వాళ్లే చెప్తారు. తెలీదు కాబట్టి నేను చెప్తున్నాను. ఆగితే ఏమొస్తుంది, నిశ్శబ్దం వస్తుంది" అన్నారాయన. అని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమంటే ప్రశ్నలు అడగకపోవడమే కదా, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

నెలన్నర గడిచాక మధ్యలో ఒక పరీక్ష పెట్టారు. గ్రాంటు మేడమ్ మమ్మల్నిద్దరినీ మూలగదికి పిలిచి, నిరుటి మార్కులు, ఇప్పటి మార్కులు పక్కపక్కన పెట్టింది. ఫోన్లు గోడకెక్కినా మార్కులు మాత్రం ఎక్కలేదు. సగటున ఒకటి తగ్గింది కూడా. మా ఆయన గొంతు సవరించుకుని, ఇంకా పెద్ద గుడ్డ కుట్టిస్తే అన్నారు. ఆవిడ నవ్వలేదు. నేను నింపిన కాగితాలు ఆయన ముందుకి తోసి, వీటి సంగతేమిటి అని అడిగింది. పరిశీలకురాలు నా భార్య, నామీద ఆవిడకి మొదటినుంచీ కొన్ని అభిప్రాయాలున్నాయి, అంచేత ఆ అంకెలు నమ్మదగ్గవి కావన్నారు.

"అయితే మీరే లెక్కపెట్టండి" అందావిడ. "ప్రశ్న అడిగి, పదిదాకా. మనసులోనే."

ఆయన ఒప్పుకున్నారు. నిశ్శబ్దమే వస్తుందని రుజువు చేసి మా ఇద్దరి నోళ్లూ మూయించడానికి ఒప్పుకున్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి చేతికి కుందేలునే ఇచ్చి లెక్కపెట్టమంది ఆవిడ. తెలివైన మనిషి.

మర్నాడు క్లాసులో బోర్డు మీద ఒక పైపు గీశారు. మధ్యలో సన్నబడి మళ్లీ లావయ్యే పైపు. "సన్నగా ఉన్నచోట నీళ్ల ఒత్తిడి పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగి, ఆగారు.

ఒకటి. రెండు. పిల్లలు పెన్నులు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, జవాబు ఎలాగూ ఆయనే చెప్తారు కదా, రాసుకోవడానికి. మూడు. నాలుగు. పెన్నులు కిందికి దిగాయి. ఆయన పెదాలు కదులుతున్నాయి, అంకెలు మింగుతున్నారు. ఐదుకి అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆరుకి ఫోన్లు ఒళ్లోంచి సంచుల్లోకి జారాయి. నా కాగితంలో అది కూడా రాయాల్సింది. ఏడుకి ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "సర్, బాగానే ఉన్నారా?" అని నీళ్ల సీసా అందించబోయింది. ఆయన చేత్తో వద్దన్నారు. మెడ మీద చెమట కనిపిస్తోంది. పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో అంత చప్పుడు లేకుండా ఉండటం అదే మొదలు, గోడలే ఇబ్బందిగా కదిలినట్టనిపించింది.

తొమ్మిది దగ్గర టోపీ గొణిగాడు. "పెరుగుతుంది సర్. ఇరుకులో తోసుకుంటాయి కదా."

తప్పు. నాకే తెలుసు తప్పని, అప్పటికి నాలుగుసార్లు ఆయన నోట విన్నాను. మా ఆయన నోరు సగం తెరుచుకుంది. నేను వెనకనుంచి వేలెత్తాను, ఇంట్లో కూర రుచి చూసేటప్పుడు ఆగమని ఎత్తే వేలే అది. నోరు మూసుకున్నారు. మళ్లీ లెక్క.

ఈసారి ఐదు దాకా కూడా పోలేదు. కిటికీ పక్కవాడు టోపీతో కాదన్నాడు, ఇరుకైతే నీళ్లు త్వరత్వరగా పోతాయి, ఆ త్వర ఎక్కడినుంచి వచ్చింది మరి అన్నాడు. వెనకనుంచి తోస్తేనే కదా అని ఒకడు. ముందు లాగినా పోతాయి కదా అని ఇంకొకడు. నీళ్ల సీసా అమ్మాయి ఆ సీసా మూతికే వేలు అడ్డుపెట్టి చూపించబోయి పుస్తకం తడిపేసుకుంది. ఒకళ్ల మీద ఒకళ్లు పడి వాదించుకున్నారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. మా ఆయన బోర్డు పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడ్డారు, చుట్టాలింట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషిలా.

ఇంటికొచ్చాక దిగాలుగా కూర్చున్నారు. యాభై నిమిషాలకి ఒకే ప్రశ్న అయింది, ఇలా అయితే సిలబస్ ఏ కాలానికి పూర్తవుతుందన్నారు. పూర్తయినప్పుడు మాత్రం సగంమంది తప్పుతున్నారు కదా అని నేను అనలేదు. టీ ఇచ్చాను.

టీ తాగుతూ నావైపు చూశారు. "నీకు ఈ పాఠాలు అర్థమవుతున్నాయా?" అన్నారు. అని, ఆగారు.

ఆ ఆగడం ఇంట్లోకి వస్తుందని నేననుకోలేదు. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ నేను గిన్నె తోముతూనే ఉన్నాను. ఎంతకీ ఆయన గొంతు వినపడకపోయేసరికి వెనక్కి తిరిగి చూశాను. పెదాలు కదులుతున్నాయి. నాలుగో, ఐదో.

"లేదండీ" అన్నాను. "మొదటిరోజు నుంచీ లేదు. మీరు అర్థమైందా అన్నప్పుడల్లా వాళ్లతోపాటు నేనూ తల ఊపాను."

"ఎందుకూ?" అన్నారు, మళ్లీ ఆగారు. ఆ జవాబు చెప్పడానికి నాకు పది చాలలేదు. అరవైమంది ఊపుతుంటే నా ఒక్క తల నిలబడటం బాగుండదనుకున్నాను. మీ మొహంలో ఆ సంతోషం పోతుందని కూడా. పైగా లేదంటే మళ్లీ మొదటినుంచీ చెప్తారన్న భయం ఒకటి. మూడూ చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టి, అరవైమందీ అంతేనన్నమాట అన్నారు. ఆ మాటని ప్రశ్నలా అనలేదు.

ఆ తర్వాత మా ఇంటి తీరే మారిపోయింది. మా అత్తయ్యని పట్టుకుని మోకాళ్లెలా ఉన్నాయమ్మా అని అడిగి ఎదురుగా నిలబడిపోయేవారు. మొదట్లో ఆవిడ, ఏంట్రా అలా చూస్తావు, నాకేమైనా అయిందా, డాక్టరేమన్నా చెప్పాడా అని బెంబేలు పడింది. రెండోవారానికి అలవాటు పడి మోకాళ్ల దగ్గర మొదలుపెట్టి, చిన్నప్పుడు జారిపడ్డ మెట్ల దాకా వెళ్లేది. ఆ మెట్ల సంగతి కొడుకుకి తెలియదట. నన్ను ఒకరోజు, ఆదివారం ఏం చేద్దాం అని అడిగారు. పదీ లెక్కపెట్టారు. నా దగ్గర జవాబే లేదు. ఇన్నేళ్లుగా ఎవరూ ఆగకపోయేసరికి నేను అనుకోవడం కూడా మానేశాను కాబోలు. బుధవారానికి గుర్తొచ్చింది, పడవెక్కాలని ఉందన్నాను. ఎక్కించారు. పడవ ఎందుకు తేలుతుందో చెప్పబోయి, తమాయించుకుని, నన్నే అడిగారు.

క్లాసులో మాత్రం అన్నిరోజులూ అంత బాగా సాగలేదు. కొన్నిరోజులు పదీ అయిపోయి ఇరవై వచ్చినా ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు, ఆయన నీళ్లు నమిలేవారు. కొన్నిసార్లు పాత అలవాటు తన్నుకొచ్చి ఒక్క ఊపులో ఆరు ప్రశ్నలు అడిగి ఆరింటికీ చెప్పేసి, నావైపు దొంగచూపు చూసేవారు. నేను ఆరు గీతలూ గీసేదాన్ని. మొహమాటం లేదు.

టర్ము ఆఖరికొచ్చింది. ప్రిన్సిపాల్ గారు రావడానికి ఇంక పదిరోజులే ఉంది. అప్పుడు విమానం రెక్క పాఠం వచ్చింది.

ఈ పాఠమంటే మా ఆయనకి ప్రాణం. రెక్క పైభాగం వంపుగా, కిందిభాగం చదునుగా ఉంటుంది. ముందు అంచు దగ్గర గాలి రెండుగా చీలుతుంది. పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కింద పోయేదానికి తక్కువ. రెండూ వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి పైగాలి వేగంగా పోతుంది, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, కింది ఒత్తిడి రెక్కని పైకెత్తుతుంది. ఇంత చక్కగా చెప్తే నాకు కూడా అర్థమైంది. ఈసారి నిజంగానే తల ఊపాను.

"దీనిమీద ఎవరికైనా ఏమైనా సందేహం ఉందా?" అని అడిగి ఆగారు. లెక్క పదికొచ్చింది. ఇక బోర్డు తుడవబోతుంటే నా పక్కన బెంచీ కిర్రుమంది. మౌనవ్రతం లేచి నిలబడింది. టోపీ వెనక్కి తిరిగి చూసి టోపీ తీసేశాడు.

"సర్, రెండూ ఒకేసారి ఎందుకు కలుసుకోవాలి?" అంది. "పైగాలికి కిందిగాలి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

మా ఆయన నోరు తెరిచారు. మూశారు. బోర్డు వైపు తిరిగి తను గీసిన రెక్కని చూశారు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు కానీ క్లాసంతా లోగొంతుకతో లెక్కపెట్టడం మొదలైంది. వెక్కిరింపు కాదు, ఆయన వాళ్లకి ఇచ్చిన గడువు వాళ్లు ఆయనకి ఇస్తున్నారు. పది దాటింది. ఇరవై. నా వాచీలో నలభై ఒకటి దగ్గర ఆయన, తెలీదమ్మా, చూసి చెప్తానన్నారు.

ఆ అమ్మాయి కూర్చుంది. నా కాగితంలో జవాబు ఎవరు చెప్పారన్న గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

నాలుగురోజులు ఆయన గ్రంథాలయంలోనే ఉన్నారు. తర్వాత గ్రాంటు మేడమ్ దగ్గరికెళ్లి, గ్రాంటులో మిగిలినదానితో ప్రయోగశాల మూల పడి ఉన్న పాత పొగపెట్టె బాగుచేయించడానికి అనుమతి తెచ్చుకున్నారు. అదొక గాజుపెట్టె. ఒకవైపు ఫ్యాను, మధ్యలో చెక్కతో చేసిన రెక్క, ముందునుంచి సన్నటి పొగ గీతల్లా వస్తుంది. పొగని ఆపి ఆపి వదిలితే గీతలు ముక్కలు ముక్కలుగా పోతాయి, ఏ ముక్క ఎంత దూరం పోయిందో కంటికి కనిపిస్తుంది.

ప్రిన్సిపాల్ గారు వచ్చే ముందురోజు మధ్యాహ్నం నన్ను ప్రయోగశాలకి రమ్మన్నారు. బయట వాన. లోపల ఇద్దరమే. పొగ వదిలారు. ఒక ముక్క రెక్క దగ్గరికొచ్చి రెండుగా చీలింది.

"ఏది ముందొచ్చింది?" అన్నారు, నావైపు చూడకుండా.

నాకు కనిపిస్తూనే ఉంది. పైనుంచి వెళ్లిన పొగ వెనక అంచు దాటి చాలా ముందుకి వెళ్లిపోయింది, కిందిది ఇంకా దారిలోనే ఉంది. కలుసుకోవడం లేదు సరికదా, ఒకదాని కోసం ఒకటి చూడను కూడా లేదు. రెక్క వెనక పొగంతా కిందికి వంగి పోతోంది. గాలిని రెక్క కిందికి నెడుతోంది, గాలి రెక్కని పైకి నెడుతోంది, పుస్తకాల్లో ఉన్న అసలు సంగతి అదట. ఆయన ఆగే ఉన్నారు. ఇంకోసారి వదలమన్నాను. మళ్లీ అదే.

"పైదండీ" అన్నాను.

ఫ్యాను ఆపేశారు. కాసేపు గాజు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. పంతొమ్మిదేళ్లకి ఎన్ని అరవైలమంది పిల్లలో అని లెక్కేస్తున్నారని నాకు తెలుసు, మా ఇంట్లో మనసులో లెక్కలు ఇప్పుడు పెదాల మీదికి వచ్చేస్తున్నాయి.

అప్పుడు నేనొక పిరికిమాట అన్నాను. రేపు ఈ పాఠం వద్దు, పైపు పాఠం ఇంకోసారి చెప్పండి, పిల్లలు బాగా వాదించుకుంటారు, ప్రిన్సిపాల్ గారికి నచ్చుతుంది, ఆయన వెళ్లాక ఈ రెక్క సంగతి పిల్లలకి మెల్లగా చెప్పొచ్చు అన్నాను. సరిగ్గా చెప్పడం రాదనే కదా పాఠం మీ దగ్గర్నుంచి తీసేయాలనుకుంటున్నారు, ఆయన ఎదురుగానే తప్పు చెప్పానంటే మెత్తకుర్చీకి మీరే దుమ్ము దులిపినట్టు అన్నాను.

"పిల్లలకి మెల్లగా ఎందుకు చెప్పాలి?" అన్నారు. పది లెక్కపెట్టారు. నా దగ్గర నుంచి ఏమీ రాకపోయేసరికి పెట్టె మీద గుడ్డ కప్పి, పద, అమ్మ ఎదురుచూస్తుంటుంది అన్నారు.

వీడియోల సంగతి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఏడు ఆ సబ్జెక్టులో తప్పినవాళ్లు ఏడుగురు. వీడియోలు గ్రంథాలయంలో ఉన్నాయి, కావలసినవాళ్లు చూసుకుంటారు. మెత్తకుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. పరీక్షల విభాగానికి కూడా ఒక మనిషి కావాలి కదా. కానీ ఆ ఉదయం ఇవేవీ మాకు తెలియవు. ఆయన చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుంటే, నేను విప్పి మళ్లీ పెట్టాను. గుమ్మం దగ్గర మా అత్తయ్య, నీకు రానిదేముందిరా అంది. ఆయన ఆగి ఆలోచించి, చాలానే ఉందమ్మా అని వెళ్లారు.

ప్రిన్సిపాల్ గారు నా పక్కన, వెనక బెంచీలో కూర్చున్నారు. పెద్దమనిషి, మోకాళ్లు బల్లకి తగిలి ఇబ్బంది పడ్డారు. అవతలి చివర గ్రాంటు మేడమ్, చెవి మీద పెన్సిలు. పొగపెట్టె బల్ల మీదికి వచ్చేసింది. పిల్లలందరినీ దాని చుట్టూ నిలబడమన్నారు మా ఆయన. మౌనవ్రతాన్ని ముందుకి పిలిచి, పొగ వదిలే మీట ఆ అమ్మాయి చేతికే ఇచ్చారు.

ముందు బోర్డు మీద పాత పాఠం మళ్లీ రాశారు, అక్షరం తేడా లేకుండా, అదే అచ్చుదస్తూరీతో. రెండు గాలులూ వెనక అంచు దగ్గర ఒకేసారి కలుసుకుంటాయి. ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. ఆయనదీ ఇంజనీరింగే, ఆయనా అదే చదువుకున్నారు.

"ఇప్పుడు చూసి చెప్పండి. ఏది ముందొస్తుంది?"

ఆ అమ్మాయి మీట నొక్కింది. పొగముక్క వచ్చింది, చీలింది. మా ఆయన ఆగారు. నేను వాచీ నొక్కడం మర్చిపోయాను. అంతా గాజుకి మొహాలు ఆనించి చూస్తున్నారు, ఊపిరికి గాజు మసకేస్తోంది. ఇంకోసారి అన్నాడు టోపీ. ఇంకోసారి వదిలింది. ప్రిన్సిపాల్ గారు బెంచీలోంచి మోకాళ్లు విడిపించుకుని లేచి, పిల్లల భుజాల మీదుగా తొంగిచూశారు. ఎవరో "పైది" అన్నారు. ఇంకెవరో అవునన్నారు. తర్వాత అందరూ అదే మాట, చిన్నపిల్లలు రైలు చూసినప్పుడు అరిచినట్టు. ప్రిన్సిపాల్ గారు నావైపు తిరిగి, మరి మాకు అలా ఎందుకు చెప్పారండీ అని అడిగారు, నన్ను. చరిత్ర చదివినదాన్ని, ఎవరు చెప్పారో కనుక్కోవచ్చు, ఎందుకు చెప్పారో మాత్రం కష్టం అన్నాను.

గోల సద్దుమణిగేదాకా మా ఆయన ఆగారు. డస్టరు తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లారు కానీ రాసింది తుడవలేదు. దాని పక్కనే నిలబడి పిల్లల వైపు తిరిగారు. మెడ మీద చెమట లేదు. ఎప్పుడూ చేతులతో మాట్లాడే మనిషి, చేతులు కదపకుండా నిలబడ్డారు. ఆయన మొహంలో నేను భయపడ్డదేదీ లేదు. పడవెక్కిన ఆదివారంనాటి మొహం అది.

"పంతొమ్మిదేళ్లుగా ఈ గదిలో నేను దీన్ని తప్పు చెప్పాను" అన్నారు.